శిబిరానికి ఒక పూట వచ్చేవారి సంగతి



దసరా తర్వాత మన యూనియన్ జరిపిన మూడు రోజుల శిక్షణా శిబిరం ముగిసి నాలుగు నెలలు కావస్తున్నది. అయినా ఆఫీసుకు వచ్చేవారిలో చాలామంది ఇంకా అదే మాట ఎత్తుతున్నారు. "మూడు దినాలు కూర్చున్నది మేము. ఒక పూట వచ్చి చాయ్ తాగి పోయినోళ్లకు, మాకు ఒకటే లెక్కనా?" అని కొందరు అంటున్నారు. "మేము వచ్చిన పూట చెప్పింది కాగితంల లేదు. మేము లేనప్పుడు రాసుకున్నది మా పేరు మీద కార్ఖానాదారుకు ఇచ్చినారు" అని మరికొందరు అంటున్నారు. రెండూ కోపంతో అన్న మాటలే. రెండింటిలోనూ నిజం ఉన్నది. కార్యవర్గంలో కూడా దీని మీద రెండు పక్షాలు ఏర్పడినాయి. వచ్చే శిబిరంలోగా ఈ సంగతి తేల్చుకోవలసి ఉన్నది గనుక మా అభిప్రాయం ఇక్కడ రాస్తున్నాము. ఇది కార్యవర్గ తీర్మానం కాదు. ఒప్పుకోనివారు రాసి పంపితే వచ్చే సంచికలో తప్పక వేస్తాము.

మన శిబిరం వెనకటి తరగతుల వంటిది కాదని మొదట గుర్తు పెట్టుకోవాలి. మేము మిల్లులో చేరిన కొత్తలో తరగతులు అంటే బల్ల వెనుక ఒక నాయకుడు, ముందు జంపఖానా మీద మేము. ఆయన రెండు గంటలు చెప్పేవాడు, మేము వినేవాళ్లం. ఒక ఉపన్యాసం తప్పిపోతే ఆ ఒక్కటే తప్పిపోయేది. తర్వాతి దానికి వచ్చి కూర్చుంటే ఏ ఇబ్బందీ ఉండేది కాదు. ఇప్పుడు ఎనిమిది పది మంది ఒక జట్టుగా కూర్చుంటున్నారు. కండెలు చుట్టే ఆమె మొదలుకొని జాబరు దాకా అందరూ మాట్లాడుతున్నారు. మొదటి రోజు చెప్పుకున్న కష్టాల మీద రెండో రోజు కారణాలు వెతుకుతున్నారు, వాటి మీద మూడో రోజు డిమాండ్లు రాస్తున్నారు. పడుగు లేనిదే పేక ఎక్కడ పడుతుంది? మొదటి రోజు లేని మనిషికి మూడో రోజు మాట అందదు. మూడో రోజు లేని మనిషికి తాను చెప్పిన మాట ఏమైందో తెలియదు. అందుకే ఈ తగాదా వెనకటి కంటే ఇప్పుడు ఎక్కువగా వస్తున్నది.

ఇక, సగం పూట వచ్చేది ఎవరు? బద్ధకస్తులు అనేవారు ఒకసారి హాజరీ పుస్తకం తీసి చూడాలని మనవి. మూడు రోజులూ ఉన్నవారు పనిలోంచి దిగిన పెద్దలు, మిల్లు మూతపడ్డాక చిన్న కొట్టు పెట్టుకున్నవారు, నెల జీతం ఉన్న కొద్దిమంది. ఖాళీ గళ్లన్నీ మగ్గం మీద పీసు లెక్కన కూలి తీసుకునేవారివి, కండెలు చుట్టేవారివి.

సోలాపూర్‌లో పవర్‌లూమ్ పని ఎట్లా నడుస్తుందో మనకు మనం చెప్పుకోనక్కర లేదు గానీ, ఈ పత్రిక ఇతర ఊళ్లకు కూడా పోతుంది గనుక రెండు మాటలు రాస్తాము. అక్కల్‌కోట్ రోడ్డు ఎం.ఐ.డి.సి.లోనూ, పూర్వ భాగంలోని పేటల్లోనూ పన్నెండు గంటల పాళీ మామూలు. వారానికి 48 గంటలు మించరాదని 1948 ఫ్యాక్టరీల చట్టంలో రాశారు. కొత్త కోడ్‌లో రోజుకు ఎనిమిది గంటలు మించరాదని రాశారు. మగ్గం దగ్గర ఆ రాత కనబడదు. ఒకే మగ్గాల మీద పగలు ఒకరు, రాత్రి ఒకరు నిలబడతారు. పగటి మనిషి ఒక పూట దిగాలంటే రాత్రి మనిషి నిద్ర మానుకొని నిలబడాలి, లేకుంటే మగ్గం ఆగాలి. ఆగితే ఆ పూట కూలి పోయినట్టే. రెండుసార్లు ఆగిందంటే మూడోసారి వెళ్లేసరికి ఆ మగ్గం మీద బద్లీ మనిషి నిలబడి ఉంటాడు. ఆ భయం ఎరిగినవారు, అంత భయంలోనూ ఒక పూట వచ్చి కూర్చున్న మనిషిని తేలికగా మాట్లాడరు. ఆడవారికి ఇంటిపని దీనికి అదనం. బీడీలు చుట్టే ఇళ్లల్లో బీడీలు అప్పగించే వేళ తప్పితే ఆ రోజు సంపాదన ఆగిపోతుంది. 2006లో కుంభారి దగ్గర బీడీ కార్మిక స్త్రీలకు ఇచ్చిన గోదుతాయి పరులేకర్ కాలనీ ఇళ్లల్లో ఉండేవారు వాపసు బస్సు కూడా చూసుకోవాలి.

వారపు సుట్టి కలిసి వచ్చేటట్టు శిబిరం పెడుతున్నాము కదా అని అంటారు. బొంబాయి మిల్లు కూలీలకు వారానికి ఒక రోజు సెలవు కావాలని నారాయణ్ మేఘాజీ లోఖండే, ఆయన సంఘమూ 1884లో అడిగితే, మిల్లుదారులు ఒప్పుకున్నది 1890 జూన్ 10న. ఒక్క రోజు విశ్రాంతి కోసం ఆరేళ్లు పట్టింది. ఆ ఒక్క రోజునే ఇప్పుడు యూనియన్ అడుగుతున్నది. అడగవద్దని మేము అనడం లేదు. అడుగుతున్నది చిన్న వస్తువు కాదని తెలిసి అడగాలి.

ఈ విషయంలో మేము రెండు తప్పులు చేశాము. ఒకటి తలుపు మూసి చేసినది, రెండోది తెరిచి చేసినది.

మొదటిది కొన్నేళ్ల కిందటిది. "మూడు రోజులూ వచ్చేవారే పేరు ఇవ్వాలి, లేనివారు రావద్దు" అని బోర్డు మీద రాయించింది మేమే. క్రమశిక్షణ ఉండాలని మా ఉద్దేశం. మా పక్క గల్లీలో కండెలు చుట్టే ఒకామె ఆఫీసుకు వచ్చి అడిగింది: "అన్నా, రెండో దినం మాకు నల్లా వస్తది. పొద్దున ఇంట్ల ఉండాలె. పగటీలి నుంచి వస్త, రాసుకో." అప్పట్లో ఆ వాడకు నాలుగైదు రోజులకు ఒకసారి నీళ్లు వచ్చేవి. ఆ పూట బిందెలు, డ్రమ్ములు నింపుకోకుంటే మళ్లీ నల్లా వచ్చేదాకా ఇంట్లో నీళ్లు ఉండవు. అదంతా మాకు తెలుసు. మా ఇంటి నల్లా కూడా అదే. అయినా బోర్డు చూపించి, "ఒకరికి ఒప్పుకుంటే అందరూ అడుగుతారమ్మా" అన్నాము. ఆమె ఏమీ అనకుండా వెళ్లిపోయింది. ఆ శిబిరానికి ఆమె రాలేదు, ఆమె గల్లీ నుండి ఒక్క ఆడమనిషి కూడా రాలేదు. ఆ మూడు రోజులూ కండెల ఖాతా గురించి మాట్లాడింది మగవాళ్లమే. మా నీళ్లు ఎవరు పట్టారో ఆ పూట మేము ఆలోచించలేదు. పట్టింది మా ఇంటావిడ. ఆమె కూడా శిబిరానికి రాలేదు.

ఆ తప్పు దిద్దుకుందామని పోయిన శిబిరంలో తలుపు పూర్తిగా తెరిచాము. ఎవరికి ఎప్పుడు కుదిరితే అప్పుడు రమ్మన్నాము. అందులోంచి రెండో తప్పు వచ్చింది. ఇది పెద్దది. దీని నష్టం ఇంకా తీరలేదు.

మొదటి రోజు సాయంత్రం రాత్రి పాళీవారు వచ్చారు. పగలు పడుకొని లేచి, ఎనిమిది గంటలకు డ్యూటీ ఎక్కేలోగా మూడు గంటలు కూర్చున్నారు. వారు చెప్పింది ఒక్కటే మాట. "ముందుగాల రేటు పెరగాలె, ఆ తర్వాత ఎనిమిది గంటల పని. రేటు పెరగకుండ గంటలు తగ్గితే మా ఇంట్ల పొయ్యి మీద దెబ్బ పడతది." లెక్క సరైనదే. పీసు రేటు ఉన్నదున్నట్టే ఉంచి పన్నెండు గంటలను ఎనిమిది చేస్తే కూలిలో మూడో వంతు పోతుంది. అందరూ విన్నారు, తలలు ఊపారు. వారు డ్యూటీకి వెళ్లిపోయారు. రెండో రోజు కొత్తవారు వచ్చారు, వారికి మళ్లీ మొదటి నుండి చెప్పడంలో ఒక పూట పోయింది. మూడో రోజు మధ్యాహ్నం డిమాండ్ల పత్రం రాసే వేళకు మిగిలింది ఎక్కువగా పెద్దలూ, నెల జీతంవారూ. వారిలో చెడ్డ ఉద్దేశం ఎవరికీ లేదు. ఎనిమిది గంటల పని మన పాత డిమాండు, దానికోసం దెబ్బలు తిన్నవారు అక్కడ కూర్చొని ఉన్నారు. దానిని మొదట రాశారు. పీసు రేటు ఐదో అంశంగా పోయింది. చప్పట్లు కొట్టాము. ఏకగ్రీవం అని రాసుకున్నాము. ఏకగ్రీవం అని కలంతో రాసింది కూడా మేమే.

పత్రం అచ్చయి గేటు దగ్గర పంచిన రోజు రాత్రి పాళీవారు డబ్బాలు పట్టుకొని మా ముందు నుండే నడిచి వెళ్లిపోయారు, ఒక్కరూ ఆగలేదు. ఒకతను మాత్రం వెనక్కి తిరిగి "మమ్మల్ని అడిగినారా?" అన్నాడు. నాలుగు రోజుల తర్వాత మాటలకు కూర్చున్నప్పుడు కార్ఖానాదారుల పక్షం వారు ఆ పత్రం మా ముందే బల్ల మీద పెట్టి, "ఇది మీవాళ్లే కోరడం లేదు కదా, మాతో ఎందుకు మాట్లాడతారు?" అన్నారు. మాకు జవాబు లేకపోయింది. దీపావళి ముందు, బోనస్ మాటలు నడిచే రోజులవి. ఏడాది మొత్తంలో మన మాటకు కొంచెం బరువు ఉండే రోజులు. ఆ రోజుల్లో మనం పత్రం వెనక్కి తీసుకొని, పాళీ పాళీకి తిరిగి మళ్లీ రాసుకున్నాము. అది ముగిసేసరికి సంక్రాంతి గడ్డా యాత్ర వచ్చింది.

ఈ అనుభవం తర్వాత కార్యవర్గంలో ఒక పక్షం "చూశారా, తలుపు తెరిస్తే ఇంతే, మళ్లీ పాత బోర్డే పెట్టండి" అంటున్నది. మేము దానికి ఒప్పుకోము. తప్పు రాత్రి పాళీవారు వెళ్లిపోవడంలో లేదు. వారు వెళ్లిపోతారని ముందే తెలిసి కూడా, వారి కూలికి సంబంధించిన నిర్ణయాన్ని వారు లేని పూటకు పెట్టడంలో ఉన్నది. ఆ పూటలు ఏర్పాటు చేసింది ఆఫీసు.

అసలు ఒక పని సగంలో వదిలి ఇంకొకరి చేతికి ఇవ్వడం మనకు రాదా? మనం బతుకుతున్నదే ఆ పని మీద. ఒక బీము మొదటి నుండి చివరిదాకా ఒక్క మనిషే నేసిన దాఖలా మన కార్ఖానాల్లో లేదు. పాళీ మారేటప్పుడు దిగే మనిషి ఎక్కే మనిషికి రెండు నిమిషాలు నిలబడి చెబుతాడు: రెండో మగ్గానికి ఎడమ పక్క పోగులు తెగుతున్నాయి, నాలుగో దాని నాడె పెట్టెలో తగులుతున్నది, జాబరుకు చెప్పాను ఇంకా రాలేదు. ఆ రెండు నిమిషాలు నిలబడనివాడి మగ్గం మీద ఏమవుతుందో తెలుసు. మగ్గం తిరిగి కదిలిన చోట బట్ట మీద అడ్డంగా పట్టీ పడుతుంది, పీసు రెండో రకంలోకి పోతుంది, కూలి కోస్తారు. శిబిరంలోనూ మనం పాళీ మార్చుకున్నాము, కానీ దిగేవారు చెప్పలేదు, ఎక్కేవారు అడగలేదు. మధ్యలో నిలబడి చెప్పించవలసిన మేము చాయ్ లెక్క చూసుకుంటున్నాము.

కాబట్టి పేరు రాసుకునేటప్పుడే అడగవలసింది "వస్తావా, రావా" అని కాదు, "ఏ పూట వస్తావు" అని. మూడు రోజులకు ఆరు పూటలు, రాత్రి పాళీవారి కోసం సాయంత్రాలు వేరు. ఎవరు ఏ పూట ఉంటారో ముందే గోడ మీద రాస్తే, ఏ విషయం ఏ పూట పెట్టాలో అదే చెబుతుంది. రాత్రి పాళీ విషయం పొద్దున పెట్టరాదు. కండెల ఖాతా విషయం నల్లా వేళకు పెట్టరాదు. ఇది పెద్ద శాస్త్రం కాదు, ఒక పెద్ద కాగితం, ఒక పెన్సిలు ఉంటే అయ్యే పని. కార్యవర్గంలో ఒక పెద్దమనిషి నవ్వి, "పెళ్లికి కూడా ఇంత లెక్క చూడరయ్యా" అన్నారు. పెళ్లిలో ఒకరి కూలి మీద ఇంకొకరు తీర్మానం చేయరు గనుక చూడరు.

నిర్ణయం చేసే వేళను కూడా అదే కాగితం మీద మొదటి రోజే రాసి పెట్టాలి. రెండు పాళీలవారూ రాగలిగిన వేళ అయి ఉండాలి అది. మూడో రోజు సాయంత్రం నాలుగు నుండి ఏడు అని మేము అనుకుంటున్నాము, సుట్టి రోజైతే మరీ మంచిది. ఆ వేళకు రానివారి మీద కోపం పెట్టుకోనక్కర లేదు, అయితే వారు లేకుండా వారి కూలి మీద చేసినది తీర్మానం అని రాయరాదు. "సూచన" అని రాసి గేటు దగ్గర రెండు పాళీల ముందు చదివి, ఒప్పుకున్నాకనే తీర్మానం పుస్తకంలోకి ఎక్కించాలి. వారం ఆలస్యమవుతుంది. పోయినసారి తొందరపడి మూడు నెలలు పోగొట్టుకున్నాము.

మధ్యలో వచ్చేవారి మీద కూడా ఒక బాధ్యత ఉన్నది. ఒక పూట మాత్రమే వచ్చినవారు లోపలికి వస్తూనే జట్టు మాట్లాడే మాటను ఆపి మొదటి నుండి చెప్పమనడం, నిన్న తేలినదాన్ని "అట్లా ఎట్లా?" అని తిరగదోడడం సరి కాదు. అక్కడ కూర్చున్న ఇరవై మందీ తమ సుట్టి ఇచ్చి వచ్చినవారే. ప్రతి జట్టులో మూడు రోజులూ ఉండే మనిషి ఒకరిని జోడీగా పెట్టాలి. వచ్చినవారిని ఆ జోడీ మనిషి పక్కకు తీసుకుపోయి పావుగంట చెప్పాలి. తర్వాత లోపలికి వచ్చి, కొంచెంసేపు విని, అప్పుడు మాట్లాడాలి. వెళ్లిపోయేవారు కూడా వెళ్లేముందు "నా మాట ఇది, నేను లేనప్పుడు ఇది మరవకండి" అని జోడీ మనిషికి చెప్పి వెళ్లాలి. దానిని వారి ఎదుటనే రాయాలి.

రాయడం గురించి ఒక మాట. గోడ మీద తెలుగులో రాసి "చదువుకోండి" అంటే చాలదు. మన పిల్లలు చాలామంది మరాఠీ బడిలో చదివారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ తెలుగు అక్షరం రాదు. పెద్దవాళ్లలో అసలు ఏ అక్షరమూ రానివారున్నారు. అందుకే పోయినసారి చేసిన మనిషి బొమ్మ పద్ధతి బాగా పనికి వచ్చిందని మేము అంటాము. ఇది మనం కనిపెట్టింది కాదు, వేరే దేశాల్లోనూ కార్మిక సంఘాలు వాడుతున్న పద్ధతే. పెద్ద కాగితం మీద మనిషి ఆకారం ముందు నుండి ఒకటి, వెనుక నుండి ఒకటి గీసి, ఎక్కడ నొప్పి ఉన్నదో అక్కడ ఎవరికి వారు బొట్టు బిళ్ళ అంటించాలి. మగ్గాలవారు చెవుల మీద, నడుము మీద, మోకాళ్ల మీద అంటించారు. కండెలు చుట్టేవారు భుజాల మీద, వేళ్ల మీద అంటించారు. పాత మగ్గాల మీద నాడె కంటిలోంచి నోటితో దారం పీల్చినవారు పళ్ల మీద అంటించారు. మధ్యలో వచ్చిన మనిషికి ఎవరూ చెప్పనక్కర లేదు, చూడగానే తెలుస్తుంది, తన బిళ్ళ తాను అంటిస్తాడు.

ఆ బొమ్మ మీదనే మన శిబిరం మొత్తంలో పనికి వచ్చిన మాట పుట్టింది. దానిని చెప్పిన మనిషి వచ్చింది ఒక్క పూట, ఒక్క గంటన్నర. నూలు మిల్లులో కార్డింగ్ ఖాతాలో పనిచేసే అతను. అప్పటికే ఛాతీ మీద చాలా బిళ్ళలు ఉన్నాయి. దగ్గు, ఆయాసం అని అందరూ చెప్పినదే. ఇతను చూసి, "సుట్టి తెల్లారి డ్యూటీ ఎక్కిన దినం పట్టేస్తది. రెండో దినానికి జర తగ్గుతది. మీకు?" అని అడిగాడు. దూది ఖాతాలవారు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అందరికీ అంతే. ప్రత్తి దుమ్ము వల్ల వచ్చే బిసినోసిస్ అనే జబ్బుకు అదే గుర్తు: సెలవు తర్వాత పనికి ఎక్కిన మొదటి రోజు ఛాతీ బిగుసుకుపోవడం. నష్టపరిహారం ఇవ్వవలసిన వృత్తి వ్యాధుల పట్టికలో అది ఉన్నది. డాక్టరు దగ్గరికి వెళితే "బీడీ మానెయ్" అని పంపించేవారికి ఇన్నాళ్లూ మన దగ్గర జవాబు లేదు. బీడీ పొగకు వారపు సుట్టి తెలియదు కదా. ఏ రోజు ఎక్కువ, ఏ రోజు తక్కువ అని చెప్పగలిగితే డాక్టరు వినవలసి వస్తుంది.

ఆ గంటన్నర తర్వాత అతను డ్యూటీకి వెళ్లిపోయాడు. మరుసటి రోజు జట్టు తన పట్టిక శుభ్రంగా తిరిగి రాసుకునేటప్పుడు, "ఆ మనిషి లేడు కదా, దగ్గు ఆయాసం అని ఉన్నదిగా చాలు" అని ఆ మాట తీసివేయబోయారు. బొమ్మ పక్కన ఎవరో సున్నం రంగు చాక్‌పీసుతో "సుట్టి తెల్లారి" అని గీసి పెట్టి ఉండబట్టి మిగిలింది. పాత బోర్డు ఉండి ఉంటే అతను వచ్చేవాడే కాదు. ఆ చాక్‌పీసు గీత లేకుంటే వచ్చి కూడా లాభం ఉండేది కాదు.

ఇంత చెప్పినా, ఒక పూట మాత్రం తలుపు మూయవలసిందే అని మేము ఒప్పుకుంటున్నాము. రెండో రోజు ఆడవారు వేరుగా కూర్చున్నప్పుడు ఒకామె తమ ఖాతాలో పైవాడి నడవడి గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఆ మాట నోటి నుండి రావడానికే అరగంట పట్టిందని అక్కడ ఉన్నవారు చెప్పారు. సరిగ్గా అప్పుడు ఆలస్యంగా వచ్చిన ఇద్దరు తలుపు తోసుకొని లోపలికి వచ్చి కూర్చున్నారు. అందులో ఒకామె ఆ పైవాడికి చుట్టం. చెబుతున్న ఆమె ఆగి, "ఏం లేదక్కా" అని కూర్చున్నది. మళ్లీ ఎంత అడిగినా చెప్పలేదు. ఇటువంటి పూటకు ఎవరు కూర్చుంటారో ముందే తేలాలి, మొదలయ్యాక ఎవరూ లోపలికి రాకూడదు, మధ్యలో ఎవరూ లేచి పోకూడదు. ఆ సంగతి కూడా గోడ కాగితం మీద ముందే రాయాలి. తలుపు దగ్గరికి వచ్చాక చెబితే అవమానంగా ఉంటుంది, ముందే చెబితే ఉండదు.

ఇప్పుడు నాయకుల సంగతి. కార్యవర్గంలో కొందరికి ఇది నచ్చదని తెలిసే రాస్తున్నాము. హాజరీ పుస్తకంలో అన్నిటికంటే తక్కువ పూటలు ఉన్నది ఆఫీసు బేరర్లమైన మావే. మొదటి రోజు దండ వేయించుకొని, అరగంట మాట్లాడి, "వేరే కార్యక్రమం ఉన్నది" అని వెళ్లి, మూడో రోజు ముగింపుకు వచ్చి మళ్లీ అరగంట మాట్లాడినవారున్నారు. మధ్యలో ఏమి జరిగిందో వారికి తెలియదు గనుక ఎవరూ అడగని విషయాలు మాట్లాడారు. మేము కూడా రెండో రోజు సగం లేబర్ ఆఫీసులోనే ఉన్నాము. ఆ వాయిదా మార్చమని అడిగితే మార్చేవారేమో, మేము అడగలేదు. ఉన్న కాసేపు కూడా ఫోను వస్తే లేచి బయటికి పోయాము. కార్మికుడు ఒక పూట రావడానికి కారణం అతని కూలి. నాయకుడు ఒక పూట రావడానికి కారణం అలవాటు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి "అందరూ అంతే" అనడం అన్యాయం. వచ్చే శిబిరంలో ఒక పూటైనా పూర్తిగా జట్టులో కూర్చోని నాయకుడికి మైకు ఇవ్వరాదని మేము ప్రతిపాదిస్తున్నాము. ఇది మాకూ వర్తిస్తుంది.

డబ్బు మాట మిగిలింది. 1974లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 140వ నంబరు ఒడంబడిక చేసింది: కార్మికులకు చదువు కోసం, కార్మిక సంఘ శిక్షణ కోసం జీతంతో సెలవు ఇవ్వాలని. మన దేశం దానిని ఆమోదించలేదు. 1958లో కేంద్ర కార్మిక విద్యా బోర్డు ఏర్పడ్డాక పెద్ద మిల్లుల నుండి కొందరిని జీతంతోనే శిక్షణకు వదిలేవారు. కార్ఖానాలో నాలుగు మగ్గాల మీద నిలబడిన మనిషిని ఎవరు వదులుతారు? అది సాధించేదాకా యూనియన్ నిధి నుండే పోయిన కూలిలో కొంత ఇవ్వాలని మా అభిప్రాయం. ఒక పూట వచ్చినవారికి ఒక పూటకు, మూడు రోజులు వచ్చినవారికి మూడు రోజులకు. కూలి పోనివారికి అక్కర లేదు. "కూలి ఇచ్చి జనాన్ని కూర్చోబెడతారా?" అని అడిగే పెద్దలకు ఒక విన్నపం: హాలు అద్దెకు, ఫ్లెక్సీకి, దండలకు, అతిథుల కారుకు మనం పెట్టిన ఖర్చు ఆఫీసు పుస్తకంలో ఉన్నది, వచ్చి చూడవచ్చు. ఫ్లెక్సీ, దండలు మానుకుంటేనే కొందరి పూటకూలి వెళ్లిపోతుంది. మిగతాది చందా పెంచకుండా ఎట్లా తేవాలో జనరల్ బాడీలో మాట్లాడుకుందాము.

వచ్చే శిబిరానికి పేర్లు రాసుకోవడం మొదలైంది. ఆఫీసులో సాయంత్రం ఆరు నుండి ఎనిమిది దాకా పుస్తకం తెరిచి ఉంటుంది. రాత్రి పాళీవారి కోసం పొద్దున ఎనిమిదిన్నరకు గేటు దగ్గర మేమే ఉంటాము. పేరుతో పాటు ఏ పూట కుదురుతుందో, ఏ పూట కుదరదో చెప్పండి. జోడీ మనిషిగా ఉండగలిగినవారు కూడా చెప్పండి.

కండెలు చుట్టే ఆమె ఇంటికి పోయిన ఆదివారం మేమే వెళ్లాము. వాకిట్లో కూర్చొని బియ్యం ఏరుతున్నది. పుస్తకం తెరవగానే, "మూడు దినాలు నాకు కాదన్నా, మొదలే చెప్తున్న" అన్నది. ఏ పూట కుదురుతుందని అడిగాము. నల్లా వచ్చే రోజు మధ్యాహ్నం దాకా కాదు, మిగతా రెండు రోజులు పొద్దున కుదురుతుంది, అప్పగింత ఉంటే ఐదింటికి పోవాలి అని వేళ్లు మడిచి చెప్పింది. అట్లాగే రాసుకున్నాము. పక్క ఇంటి ఆమెను కూడా పిలిచి రాయించింది.